తేల్చకండి మహాప్రభో!

ఆబర్న్ యూనివర్సిటీ 2004లో అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ జాతీయ చాంపియన్ అయిన సంగతి 2025 ఆగస్టులో బయటపడింది. బయటపెట్టింది కూడా ఆబర్న్ యూనివర్సిటీయే. ఆ సీజన్‌లో వాళ్ళు ఆడిన 13 మ్యాచ్‌లూ గెలిచారు, అయినా ఫైనల్‌కి ఎవరూ పిలవలేదు. ఫైనల్‌లో ఓక్లహోమాను 55-19తో చితక్కొట్టిన సదరన్ కాలిఫోర్నియా జట్టేమో, ఒక ఆటగాడు తీసుకోకూడని సొమ్ము తీసుకున్నాడని తేలడంతో ఆ టైటిల్‌ని తర్వాత పోగొట్టుకుంది. విడిగా ఓట్లేసి తమ చాంపియన్‌ని ఎన్నుకునే జర్నలిస్టులు మాత్రం తామిచ్చిన కిరీటం తీసేది లేదన్నారు. అటు ఫైనల్ విజేత కుర్చీ ఖాళీగానే ఉండిపోయింది. ఎవరైనా కూర్చుంటారేమోనని ఏళ్ళ తరబడి మర్యాదగా చూసి, చివరికి ఆబర్నే వెళ్ళి కూర్చుంది. పనిలో పనిగా 1910, 1914, 1958 కూడా తమవేనని, మొత్తం టైటిళ్ళు తొమ్మిదని ప్రకటించేసింది.

దీన్ని చూసి నవ్వేవాళ్ళకు అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ అర్థం కాలేదని నా నిశ్చితాభిప్రాయం. హెల్మెట్లు పెట్టుకుని ఒకరినొకరు గుద్దుకునే ఆ కుర్రాళ్ళు ఆడేది అసలు ఆట కాదు. అసలు ఆట వాదన. కుర్రాళ్ళు దానికి ముడిసరుకు సరఫరా చేస్తారు, అంతే.

చరిత్ర చూడండి. మొదటి మ్యాచ్ 1869లో రట్గర్స్‌కీ ప్రిన్స్‌టన్‌కీ జరిగింది. అప్పట్నుంచి ఇప్పటిదాకా పై డివిజన్ ఫుట్‌బాల్‌లో కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ అధికారికంగా ఒక్క చాంపియన్‌ని కూడా ప్రకటించలేదు. ఈతకి ప్రకటిస్తుంది, కుస్తీకి ప్రకటిస్తుంది, రైఫిల్ షూటింగ్‌కి కూడా ప్రకటిస్తుంది. లక్షమంది కూర్చునే స్టేడియాలున్న ఈ ఆట దగ్గరికొచ్చేసరికి మాత్రం, ఏ సంవత్సరం ఎవరెవరు ఎవరెవర్ని చాంపియన్ అన్నారో ఒక పట్టిక రాసి ఊరుకుంటుంది. ఇంతకన్నా వివేకవంతమైన సంస్థ నాకు కనిపించలేదు.

1936 నుంచి అసోసియేటెడ్ ప్రెస్ జర్నలిస్టులు ఓట్లేశారు. 1950 నుంచి కోచ్‌లు కూడా వేశారు. కోచ్‌ల ఓటింగ్‌లో గొప్ప సంగతేమిటంటే, సీజన్ చివర జరిగే పెద్ద బౌల్ మ్యాచ్‌ల కంటే ముందే ఫలితం చెప్పేసేవారు. 1973లో అలబామాను చాంపియన్ అన్నారు. తర్వాత అలబామా షుగర్ బౌల్‌కి వెళ్ళి నోటర్ డామ్ చేతిలో 24-23తో ఓడిపోయింది. చాంపియన్ మాత్రం చాంపియనే. మరుసటి ఏడాది నుంచి ఎవరో తొందరపడి, బౌల్ మ్యాచ్‌లు అయ్యాక ఓట్లేసే పద్ధతి పెట్టారు. ఆట ఫలితాన్ని ఓట్ల లెక్కలోకి రానిస్తే ఏమవుతుందో చూడని అమాయకులు! అదే అలబామా 1941లో రెండు మ్యాచ్‌లు ఓడి, జర్నలిస్టుల ఓటింగ్‌లో ఇరవయ్యో స్థానంలో నిలిచింది. ఎవరిదో ఒక లెక్కల పద్ధతి ప్రకారం ఫస్ట్ వచ్చామని ఆ టైటిల్ని కూడా ఇవాళ్టికీ దర్జాగా లెక్కేసుకుంటోంది.

1969లో ఇంకా సులువైన పద్ధతి దొరికింది. ప్రెసిడెంట్ నిక్సన్ స్వయంగా ఆర్కన్సా వెళ్ళి, టెక్సాస్ 15-14తో గెలవగానే లాకర్ రూమ్‌లోకి దిగి, మీరే నంబర్ వన్ అని ఫలకం ఇచ్చేశారు. ఆ ఏడాది ఒక్క మ్యాచ్ కూడా ఓడని పెన్ స్టేట్ వాళ్ళు మొహం మాడ్చుకున్నారు. వాళ్ళకి వేరే ఫలకం ఇస్తామన్నా శాంతించలేదు. వియత్నాంలో యుద్ధం జరుగుతుండగా దేశాధినేత ఇంత తీరిక చేసుకోవడాన్ని మనం మెచ్చుకోవాలి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఏడు 1990. ఈ ఆటలో పది గజాలు ముందుకెళ్ళడానికి నాలుగు ప్రయత్నాలుంటాయి. మిజోరీతో మ్యాచ్ చివర్లో రిఫరీలు లెక్క తప్పి కొలరాడోకి ఐదో ప్రయత్నం ఇచ్చారు. ఆ ఐదో దాంట్లోనే స్కోరు చేసి 33-31తో గెలిచారు. జర్నలిస్టులు కొలరాడోని చాంపియన్ చేశారు. కోచ్‌లు ఒకే ఒక్క పాయింటు తేడాతో జార్జియా టెక్‌ని చేశారు. ఒక దేశం, ఒక ఆట, ఇద్దరు చాంపియన్లు. అమెరికాలో ఒక్క తెలుగు సంఘం పెట్టుకుని, దాన్ని రెండు చేసుకుని, ఆపైన ఇంకెన్నో చేసుకున్న మనవాళ్ళకి ఇందులోని అందం విడమరిచి చెప్పక్కర్లేదు.

మనుషుల మీద నమ్మకం పోయి 1998లో, ఫైనల్ ఆడే రెండు జట్లని ఎంచడానికి బీసీఎస్ అనే పద్ధతి పెట్టి, ఓట్లతో పాటు కంప్యూటర్లని కూడా కూర్చోబెట్టారు. వాటిలో ఒక్కటి తప్ప మిగతావి లెక్క ఎలా కడుతున్నాయో పూర్తిగా ఎవరికీ చెప్పలేదు. ఎంత తేడాతో గెలిచారన్నది చూడొద్దని కూడా వాటికి తర్వాత షరతు పెట్టారు. 2003లో కోచ్‌లూ జర్నలిస్టులూ సదరన్ కాలిఫోర్నియా నంబర్ వన్ అంటే, బీసీఎస్ దాన్ని మూడో స్థానంలో పెట్టింది. తన కాన్ఫరెన్స్ (అంటే కాలేజీల కూటమి) ఫైనల్లోనే 35-7తో తన్నులు తిన్న ఓక్లహోమాను మొదటి స్థానంలో ఉంచి, లూజియానా స్టేట్ యూనివర్సిటీ (ఎల్‌ఎస్‌యూ) మీదకి పంపింది. ఓక్లహోమా మళ్ళీ ఓడింది. ఆ ఫైనల్ గెలిచినవాళ్ళకే ఓటెయ్యాలని కోచ్‌లకు ఒప్పందం ఉంది, ఎల్‌ఎస్‌యూకి వేశారు. జర్నలిస్టులకి ఒప్పందం లేదు, సదరన్ కాలిఫోర్నియాకి వేశారు. గొడవ ఎంత ముదిరిందంటే, 2009లో సెనేట్‌లో విచారణ జరిగింది, ప్రతినిధుల సభ సబ్‌కమిటీ ఒకటి బిల్లు కూడా పాస్ చేసింది. ఆర్థిక వ్యవస్థ కుప్పకూలి ఇంకా లేవని రోజులవి. ప్రాధాన్యాలు తెలిసినవాళ్ళు.

2014 నుంచి, ప్లేఆఫ్ అనే నాకౌట్ పోటీకి నాలుగు జట్లని ఎంచే కమిటీ వచ్చింది. పదమూడు మంది పెద్దలు. మాజీ విదేశాంగ మంత్రి కాండొలీజా రైస్ కూడా మొదట్లో ఉన్నారు. మనవాళ్ళు దండిగా ఉండే డాలస్ పక్కనే, గ్రేప్‌వైన్‌లో ఒక హోటల్లో కూర్చుని, మంగళవారం మంగళవారం టీవీలో ర్యాంకులు చెబుతారు. 2023లో ఫ్లోరిడా స్టేట్ 13కి 13 గెలిచి వచ్చింది. జట్టుని నడిపించే ఆటగాడు, అంటే క్వార్టర్‌బ్యాక్, కాలు విరిగింది కదా, ఇక మీరు గెలవరులే అని పక్కన పెట్టి, ఒక మ్యాచ్ ఓడిన అలబామాను తీసుకున్నారు. ఆ బాధతో సగం జట్టు ఇంటి దారి పట్టింది, మిగిలినవాళ్ళు జార్జియా చేతిలో 63-3తో ఓడారు. చూశారా, మేం ముందే చెప్పాం అన్నారు కమిటీ తరఫువాళ్ళు. ఇంత దూరదృష్టి ఉన్న కమిటీకి అసలు మ్యాచ్‌లు ఎందుకో నాకు అర్థం కాదు.

2024లో నాలుగు జట్ల ప్లేఆఫ్‌ని పన్నెండు జట్లకు పెంచారు. ఇక గొడవ ఉండదన్నారు. పదమూడో జట్టు ఏడుపు ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. 2025లో తమని తీసుకోలేదని నోటర్ డామ్ అలిగి, అసలు ఏ బౌల్ మ్యాచూ ఆడం పొమ్మంది. ఆ అలకలో నాకు ఆశ చిగురించింది. ఈలోగా ఇండియానా వచ్చి 16కి 16 గెలిచేసి, ఫైనల్లో మయామీని 27-21తో ఓడించి, ఎవరూ నోరెత్తడానికి వీల్లేకుండా చేసింది. ఇంత బాధ్యతారాహిత్యం తగదు.

ఇప్పుడు పదహారు జట్లా, ఇరవై నాలుగా అని కాన్ఫరెన్సులు కొట్టుకుంటున్నాయి. ప్లేఆఫ్ ప్రసారానికి టీవీ చానెల్ ఈఎస్‌పీఎన్ ఆరేళ్ళకు 780 కోట్ల డాలర్లు పోస్తుంటే కొట్టుకోక ఏం చేస్తాయి? నా సూచన చాలా తేలిక. చాంపియన్‌ని ఆగస్టులోనే ప్రకటించండి. సెప్టెంబర్ నుంచి మ్యాచ్‌లు ఆడించండి, అభ్యంతరాలు చెప్పుకోవడానికి ఆధారాలు దొరుకుతాయి. అప్పీలుకి ఇరవై ఒక్క ఏళ్ళు గడువివ్వండి, ఆబర్న్ పెట్టిన ఆనవాయితీ ఉండనే ఉంది.

రెండో అంచె కాలేజీల్ని చూసి నేర్చుకోమని సలహా ఇచ్చేవాళ్ళున్నారు. అక్కడ 1978 నుంచి ఎన్‌సీఏఏనే ప్లేఆఫ్ పెడుతోంది. ఓడినవాళ్ళు ఇంటికెళతారు, చివరికి మిగిలినవాళ్ళు కప్పు తీసుకుంటారు. నార్త్ డకోటా స్టేట్ అలా 2011 నుంచి 2024 వరకు పదిసార్లు కప్పు పట్టుకెళ్ళింది. దాని మీద ఒక్క సెనేటరైనా విచారణ పెట్టాడా?