1970 జనవరి 1, తెల్లవారుజామున అయిదున్నర

మా అమ్మానాన్నల పెళ్లి, నా పెళ్లి, మా అబ్బాయి బారసాల, నాన్న షష్టిపూర్తి అన్నీ ఒకే ముహూర్తానికి జరిగాయి. 1970 జనవరి 1, గురువారం, తెల్లవారుజామున 5.30. ఆనాటికి నేను పుట్టలేదు. మా ఆవిడ పుట్టడానికి ఇంకా పదకొండేళ్లు టైముంది. అయినా అందరం పట్టుబట్టల్లో వేళకి హాజరయ్యాం. ఈ మాట నేను అనడం లేదు, నా కంప్యూటర్ అంటోంది. దానికి అబద్ధం ఆడాల్సిన ఖర్మేమిటి?

అప్‌గ్రేడ్ చేసుకుంటే ఫోటోలన్నీ పాడైపోయాయని లబోదిబోమనేవాళ్లని చూస్తుంటాను. నేను ఆ కోవలోకి రాను. ఇరవై ఏళ్లుగా కూడబెట్టిన 41,862 ఫోటోలు ఒక శనివారం రాత్రి తారుమారయ్యాయి. పది రోజులు నిద్ర మానుకుని వాటికి మరమ్మతు చేశాను. ఆ పది రోజుల అనుభవంతో పూర్తి బాధ్యతతో చెబుతున్నాను: తప్పు అప్‌గ్రేడ్‌ది కాదు, మా కుటుంబానిది. ఇక ఆ కంపెనీ ఏదంటారా, చెప్పను. గుప్తదానం చేసినవాళ్ల పేరు బయటపెట్టకూడదు.

ఆ రాత్రి తెర మీద ఒక చిన్న డబ్బా వచ్చింది. మీ ఫోటో లైబ్రరీని కొత్త పద్ధతిలోకి మార్చాలి, ఇప్పుడే మార్చమంటారా, ఈ రాత్రికి మార్చమంటారా అని అడిగింది. వద్దు అనడానికి మీట లేదు. పూర్వం పెళ్లికూతుర్ని కూడా ఇలాగే అడిగేవాళ్లట, మాఘంలో అయితే బావుంటుందా, ఫాల్గుణంలోనా అని. సంప్రదాయం మీద గౌరవంతో 'ఇప్పుడే' నొక్కాను. మొదట 4 నిమిషాలు పడుతుందంది. కాసేపటికి 11 గంటలంది. ఆ తర్వాత లెక్క చూస్తున్నానంది. పొద్దున్నే లేచి చూస్తే డిస్కులో చోటు చాలక పని మధ్యలో ఆపేశానని చల్లగా చెప్పింది. చోటు ఉందో లేదో మొదలుపెట్టే ముందే చూసుకోవద్దా అని మా ఆవిడ అడిగింది. అది వంటవాళ్ల తెలివి. విస్తళ్లు లెక్కపెట్టుకుని గానీ వాళ్లు ఎసరు పెట్టరు. సాఫ్ట్‌వేర్ రాసేది ఇంజనీర్లు.

లైబ్రరీ తెరిస్తే వరసగా బూడిద రంగు చతురస్రాలు, ఒక్కోదాని మధ్యలో ఒక ఆశ్చర్యార్థకం. ఆశ్చర్యపోవాల్సింది నేను కదా, ఇది ఎందుకు ఆశ్చర్యపోతోందని అనుకున్నాను.

తర్వాత తెలిసిందేమిటంటే, మనం లైబ్రరీ అనుకునేది ఫోటోల గుట్ట కాదు. గుట్ట ఒక మూలన ఉంటుంది, దాని లెక్కలు రాసే కరణం ఇంకో మూలన ఉంటాడు. చాలా ఫోన్లలో, కంప్యూటర్లలో ఈ కరణం ఎస్‌క్యూలైట్ అనే ప్రోగ్రామ్. ఏ ఫోటో ఏ తేదీది, ఏ ఆల్బమ్‌లోది, అందులో ఎవరెవరున్నారు, ఇవన్నీ ఆయన చిట్టాలోనే. మనం ఫోటో తేదీ సరిచేసినా, కింద 'పెద్దక్కయ్య సీమంతం' అని రాసుకున్నా చాలాసార్లు అది ఫోటోలోకి వెళ్లదు, ఆయన పద్దులోకే వెళుతుంది. మనం 1984లోనే కరణాలను రద్దు చేసేశాం. కంప్యూటర్లకి ఆ ఆర్డినెన్సు అందినట్టు లేదు. మా ఇంట్లో జరిగింది ఇదీ: పొలాలు చాలావరకు ఎక్కడివక్కడే ఉన్నాయి, అడంగల్ తగలబడింది.

కొత్త చిట్టా రాసే సదుపాయం లోపలే ఉంది. రెండు మీటలు నొక్కిపట్టి లైబ్రరీని తెరిస్తే, మరమ్మతు చేయమంటారా అని అడుగుతుంది. చేయమన్నాను. పద్నాలుగు గంటలు చేసింది. చేసి, తేదీ ఫోటోలోనే రాసి ఉన్నవాటికి ఆ తేదీ వేసింది. పాత ప్రింట్లు స్కాన్ చేసినవాటికి తేదీలు నేను చేత్తో కొట్టినవి, అవి పద్దుతో పాటే పోయాయి. తేదీ తెలియకపోతే సున్నా అంటుంది. కంప్యూటర్లలో చాలావాటికి కాలం మొదలైంది గ్రీనిచ్ లెక్కన 1970 జనవరి 1 అర్ధరాత్రి. అప్పటికి మనకి తెల్లవారుజామున అయిదున్నర. లండన్‌లో స్థిరపడినవాళ్లకి మా ఇంటి శుభకార్యాలు ఇంకో వేళకి జరుగుతాయి. మనకి మాత్రం చక్కగా బ్రాహ్మీ ముహూర్తంలోనే. పురోహితులతో సంప్రదించకుండా ఇంతమంచి వేళ పెట్టడం మాటలు కాదు.

మా చెల్లెలి పెళ్లిది ఇంకో కథ. 2008 ఆగస్టు, రాత్రి 11.40 ముహూర్తం. అప్పటికే కెమెరాలు వచ్చేశాయి కాబట్టి తేదీ ఫోటోలోనే ఉంటుంది. కానీ ఆనాటి కెమెరాలు టైము రాసేవి, అది ఏ ఊరి టైమో రాసేవి కావు. మా తమ్ముడు డల్లాస్ నుంచి తెచ్చిన కెమెరాలో డల్లాస్ టైమే ఉండిపోయింది. మనకంటే పదిన్నర గంటలు వెనక. ఎప్పుడో ఒక ఆదివారమంతా కూర్చుని వాడి ఫోటోలన్నిటినీ పదిన్నర గంటలు ముందుకి జరిపాను. ఆ శ్రమంతా పద్దులోనే ఉంది కదా, మరమ్మతులో కొట్టుకుపోయింది. ఇప్పుడు మా లైబ్రరీ ప్రకారం మధ్యాహ్నం 1.10కి జీలకర్ర బెల్లం, ఆ వెంటనే మాంగల్యధారణ, తలంబ్రాలు. ఇక్కడి కెమెరాలో తీసినవి కాబట్టి, సాయంత్రం ఆరింటికి ఎదురుసన్నాహం. పెళ్లికొడుకు పెళ్లి చేసుకుని వెళ్లిపోయి, విడిదికి తీరిగ్గా సాయంత్రం దిగాడు. మధ్యలో ఎక్కడికెళ్లాడని బావగారిని అడిగాను. ఆయన నవ్వలేదు.

ఇక మొహాల సంగతి. పాత చిట్టాతో పాటు మనుషుల పేర్లూ పోయాయి గనక కొత్తగా అందరినీ గుర్తుపట్టడం మొదలుపెట్టింది. 'ఈ ఇద్దరూ ఒకరేనా?' అని అడుగుతుంది. వేలసార్లు. తిరుమల ట్రిప్పు దగ్గర మాత్రం నన్ను అడగనే లేదు. కల్యాణకట్ట నుంచి బయటికొచ్చిన మేం అయిదుగురం, నేను, నాన్న, మా అబ్బాయి, ఇద్దరు మేనల్లుళ్లు, నున్నటి గుండ్లతో వరసగా నిలబడి ఉంటే అందరినీ కలిపి ఒకే మనిషిగా కట్టేసింది. రామానుజుల వారి సంప్రదాయం నడిచే కొండ మీద కూర్చుని ఇంత పచ్చి అద్వైతం చెప్పాలంటే గుండె ధైర్యం కావాలి. వేరు చేద్దామని చాలా తంటాలు పడ్డాను. చివరికి నాన్నకి చూపిస్తే, పోనీలేరా, దేవుడికి కూడా అలాగే కనపడి ఉంటాం అన్నారు.

బ్యాకప్ లేదా అని మీరు అడుగుతారని తెలుసు. కస్టమర్ కేర్ అబ్బాయి కూడా అదే అడిగాడు, ఇంటికి నిప్పంటుకున్నవాణ్ని నీళ్లపన్ను కట్టారా సార్ అన్నట్టు. ఉంది నాయనా. రెండో డిస్కు ఉంది. మొదటిదానిలో ఏం జరిగితే అది వెంటనే రెండోదానిలోనూ జరిగేలా స్వయంగా నేనే ఏర్పాటు చేసుకున్నాను. అది మాట తప్పలేదు. ఇక్కడ పాడైన ప్రతి ఫోటోనూ అక్కడా పాడుచేసింది, ఇక్కడ పోయినవాటిని అక్కడా తీసేసింది. అద్దంలో చూసుకుంటూ, పోతే పోయాను ఇంకొకణ్ని ఉన్నాను కదా అనుకునే మనిషిని ఏమంటారో, బ్యాకప్ విషయంలో నన్ను అదే అనాలి. మూడు ప్రతులు, రెండు రకాల సరంజామా మీద, ఒకటి ఇంటి బయట అని పీటర్ క్రోగ్ అనే ఫోటోగ్రాఫర్ చెప్పిన సూత్రం ఉంది. చాలా మంచి సూత్రం. అన్నీ పోయాక చదివితే ఇంకా బాగా అర్థమవుతుంది.

దాదాపు మూడు వేల ఫోటోలు గుట్టలోనే లేవు. వాటికోసం ఫోటోరెక్ అనే ఉచిత ప్రోగ్రామ్‌ని పాత హార్డ్ డిస్కులోకి దింపాను. అది చిట్టాలూ చిరునామాలూ అడగదు. డిస్కు మొదటి నుంచి చివరిదాకా తడుముకుంటూ పోయి, ఫోటోలు మామూలుగా ఉండే జేపెగ్ రకం ఫైలు ఎఫ్ఎఫ్ డీ8 అనే గుర్తుతో మొదలవుతుంది కాబట్టి ఆ గుర్తు తగిలిన చోటల్లా ఒక ఫోటో పైకి తీస్తుంది. బావిలో బొక్కెన పడితే పాతాళగరిగె వేసి వెతకడం లాంటిది. బొక్కెనతో పాటు ఎప్పుడెప్పుడో జారిపోయిన చెంబులూ వస్తాయి. మాకూ వచ్చాయి, ఇరవై ఏళ్లుగా మేం డిలీట్ చేసినవన్నీ. కరెంటు మీటర్ రీడింగులు. నా బొటనవేలు, పలు భంగిమల్లో. మాల్స్‌లో బండి పెట్టినచోటు మర్చిపోకుండా తీసిన పార్కింగ్ స్తంభాలు, నూట నలభై పైచిలుకు. బీ2-47 అన్న ఒక స్తంభం ఏడుసార్లు వచ్చింది, ప్రతిసారీ నిక్షేపంగా, అంచులతో సహా. సత్యనారాయణ వ్రతం ఒక్క ఫోటో కూడా రాలేదు.

అందులోనే అమ్మమ్మ వచ్చింది.

2005లో అమలాపురం దగ్గర వాళ్ల ఊళ్లో, వీధి అరుగు మీద కూర్చుని ఉండగా తీసింది. ఆవిడది ఉన్న డిజిటల్ ఫోటో అదొక్కటే. జేపెగ్‌లో బొమ్మ పైనుంచి కిందికి వరసలుగా రాసి ఉంటుంది, మధ్యలో ఫైలు తెగిపోతే కిందిదంతా బూడిద రంగే. నుదుట బొట్టు, ఒక కాడకి దారం కట్టిన కళ్లజోడు, ముక్కుపుడక. ముక్కుపుడక కిందనుంచి బూడిద.

అమ్మకి చూపించాను. "నవ్వుతోంది రా, నాకు గుర్తుంది" అంది. ఫోన్లో పిన్ని ఒప్పుకోలేదు. నవ్వడమా, ఎండలో కూర్చోబెట్టి ఫోటోలేమిటని తిడుతోంది, నేను పక్కనే ఉన్నాను అంది. మూడు రోజులు ఈ విషయం మీద అక్కచెల్లెళ్లిద్దరికీ మాటా మాటా నడిచింది. ఫోటో బాగున్నన్నాళ్లూ ఇద్దరిలో ఒక్కరూ దాన్ని తెరిచి చూసినట్టు నాకు గుర్తులేదు.

కెమెరాలు ఫోటోతో పాటు ఇంకో బుల్లి బొమ్మను కూడా ఫైలు తలలో దాస్తాయి, 160కి 120 చుక్కలది, కెమెరా వెనక చిన్న తెర మీద చూపించడానికి. తోక తెగినా తల ఉంటే అది ఉంటుంది. నాలుగో రోజు రాత్రి ఎగ్జిఫ్‌టూల్ అనే ప్రోగ్రామ్‌తో దాన్ని బయటికి తీశాను. తెర మీద తపాలా బిళ్లంత వచ్చింది.

అమ్మ పంచాంగం చదివే భూతద్దం తెచ్చుకుని ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. చాలాసేపు చూసింది.

"నవ్వట్లేదురా. తిట్టడమూ లేదు. వక్క నములుతోంది."

"అవునా?"

"ఒళ్లో చూడు, అడకత్తెర. ఇది కాస్త పెద్దది చెయ్యి."

"చేస్తే అంతా గళ్లు గళ్లుగా అయిపోతుందమ్మా."

"అవనీ. చెయ్యి."