దావత్ గారికి దండాలు పెట్టి రాయునది

మహారాజశ్రీ దావత్ గారికి,

హన్మకొండ నుంచి ఒక ఆడపడుచు రాయునది. పుట్టెంట్రుకలు తీసినా మీరే, ఒడిబియ్యం పోసినా మీరే, ఎవరో బండి కొన్నా విందంటే మీరే. మీ బగారా అన్నం మీద, మటన్‌లోకి గారెల మీద నాకే కోపమూ లేదు.

ఈ మధ్య ఆడవాళ్లకూ సమాన హక్కులిచ్చారు, సంతోషం. మగవాళ్లు డాబా మీద, మేం వెనక గదిలో. వదినె సీసాను తువ్వాలలో చుట్టుకొచ్చి, నురగ పొంగకుండా స్టీలు గ్లాసు వంచి పోస్తుంటే చిన్నమ్మ తలుపు గడియ పెడుతుంది. "బీరు మందెట్లయితదే? చలువ చేస్తది, తాగు" అని పెద్దమ్మ తీర్పు.

ఆ చలువ సంగతే అడుగుదామని. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే మద్యాన్ని క్యాన్సర్ తెచ్చేవాటిలో, పొగాకు వరుసలో కూర్చోబెట్టింది. బీరైనా, కల్లైనా, లోపలికి పోయాక ఆల్కహాలే. ఒంట్లో ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్‌ను పెంచుతుంది, అసిటాల్డిహైడ్ అనే విషపదార్థంగా మారి కణాల్లోని డీఎన్‌ఏను దెబ్బతీస్తుంది. రోజుకు ఒక్క గ్లాసుతోనూ రొమ్ము క్యాన్సర్ ముప్పు కాస్త పెరుగుతుంది, తాగినకొద్దీ ఇంకా పెరుగుతుంది. మీ సీసా మీద "ఆరోగ్యానికి హానికరం" అని మాత్రం ఉంటుంది. చదివి లివర్ అనుకుంటాం, లివర్ మగవాళ్ల సమస్య అనుకుంటాం.

పోయినసారి మీ పంక్తిలోనే, నల్ల బ్రా వేసుకుంటే క్యాన్సర్ వస్తుందని గంటసేపు చర్చ నడిచింది. అందరి చేతుల్లోనూ గ్లాసులే! బ్రా ఏ పాపమూ ఎరుగదు.

అంతా మీ మీదే తోయను. చుక్క ముట్టనివాళ్లకూ ఈ జబ్బు వస్తుంది. వయసు, వంశం ఎవరి చేతిలోనూ లేవు. ముట్లు ఆగాక పెరిగే బరువు మాత్రం లెక్కలోకి వస్తుంది, ఎందుకంటే అప్పుడు ఈస్ట్రోజెన్ ఎక్కువగా తయారయ్యేది కొవ్వులోనే. అందుకే వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవమంటారు. మంచిదే. కానీ భద్రకాళి చెరువు కట్ట మీద పొద్దున్నే కనిపించేది ఎక్కువగా రిటైరైన సార్లే. వాళ్ల ఇంటామెలు ఆ టైంకి టిఫిన్లు చేస్తుంటారు.

వచ్చే నెల మా ఇంట్లో ఒడిబియ్యం. మీరు తప్పక రావాలి. వెనక గదిలో ఈసారి మజ్జిగ, అల్లం పచ్చిమిర్చి దంచి వేస్తున్నాం. తెల్లారి గిన్నెల పని డాబా మీదివాళ్లకు అప్పజెప్పాం, ఆ గంటలో పెద్దమ్మను కట్ట మీదికి తీసుకుపోతా. మగవాళ్లకు ముందే చెప్పి ఒప్పించే బాధ్యత మీది. మీ మాటయితేనే వింటారు.

ఇట్లు,
వెనక గది సభ్యురాలు