స్టిక్కర్ అంటిస్తే సీసా పగలదా?

నల్లగొండ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. దాని సారం ఇది: పార్సిల్ పగిలిందంటే డెలివరీ పిల్లగాడు విసిరేసినట్టే, 'ఫ్రాజైల్' (పగిలే సరుకు) స్టిక్కర్ అంటిస్తే భద్రంగా వస్తుంది, పగిలాక పైసా రాదు, ఆర్టీసీ కార్గోలో వేస్తే ఈ గోలే ఉండదు.

పిల్లగాడి సంగతి ముందు. విసిరేవాళ్లు లేరని నేననను, ఆ వీడియోలు అందరం చూసినవే. కానీ డబ్బా అతని చేతికి వచ్చేది ఆఖర్న. అంతకుముందే అది గోడౌన్‌లో పార్సిళ్లను మోసే బెల్టు మీద జారి, బరువు పెట్టెల కింద నలిగి, రాత్రంతా లారీలో కుదుపులు తిని ఉంటుంది. ఎక్కడ పగిలిందో మూసిన డబ్బా చెప్పదు. గుమ్మంలో కనిపించేది అతనొక్కడే కాబట్టి తిట్లన్నీ అతనికే.

ఇక స్టిక్కర్. మా చిన్నమ్మ మిర్యాలగూడ నుంచి మామిడికాయ తొక్కు గాజు సీసాలో పంపింది. పెట్టె ఇల్లు చేరేసరికి స్టిక్కర్ల మీది నుంచే నూనె కారుతోంది. "మూడు దిక్కుల అంటించిన గదా బిడ్డా!" అంది ఫోన్లో. విప్పి చూస్తే సీసా చుట్టూ నాలుగు పేపరు ఉండలు, మిగతాదంతా ఖాళీ.

ఆ స్టిక్కర్ల మీద ఉండే గాజు గ్లాసు బొమ్మకు, పైకి చూపే బాణాలకు ఐఎస్ఓ 780 అని అంతర్జాతీయ ప్రమాణమే ఉంది. అయితే బెల్టుకు బొమ్మలు చదవడం రాదు. ప్యాకింగ్‌ను పరీక్షించేవాళ్లు పెట్టె కింద పడుతుందనే లెక్కతోనే మొదలుపెడతారు. ప్యాకింగ్ పరీక్షల పద్ధతులు రూపొందించే అంతర్జాతీయ సంస్థ ఇస్టా. దాని 1ఏ పరీక్షలో తొమ్మిదిన్నర కిలోల లోపు పెట్టెను 76 సెంటీమీటర్ల ఎత్తు నుంచి 10 సార్లు పడేస్తారు: ఒక మూల, మూడు అంచులు, ఆరు ముఖాలు. చిన్నమ్మ పెట్టె మొదటిదానికే చేతులెత్తేసేది.

కోడిగుడ్లను చూడండి. ఏ స్టిక్కరూ లేకుండా లారీలెక్కి ఊరూరా తిరుగుతాయి. 30 గుడ్ల అట్టలో ఒక్కోదానికి ఒక్కో గుంట, పక్కదాన్ని తాకదు. సీసా చుట్టూ ఖాళీ నింపడానికి మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో ఊకకు కొదువా? కాకపోతే వదులుగా పోస్తే కుదుపులకు కుంగి పైన ఖాళీ పడుతుంది. చిన్న కవర్లలో బిగించి కట్టి అన్ని పక్కలా కుక్కాలి. మూసి ఊపితే లోపల చప్పుడు రాకూడదు.

పైసా రాదన్నది సగమే నిజం. ఆన్‌లైన్‌లో కొన్న వస్తువు లోపంతో వస్తే అమ్మినవాళ్లు వెనక్కి తీసుకోనంటే కుదరదని 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు చెబుతున్నాయి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. మనమే కొరియర్‌లో పంపితే మాత్రం సంతకం చేసిన రశీదు షరతులు అడ్డొస్తాయి. పరిహారానికి పరిమితి పెట్టిన అలాంటి షరతును 1996లో భారతి నిట్టింగ్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది. ఖరీదైన వస్తువైతే బుకింగ్ అప్పుడే విలువ రాయించి, ఇన్సూరెన్స్ ఉందేమో అడగాలి.

ఆర్టీసీ కార్గో 2020లో మొదలైంది. నేరుగా వెళ్లే బస్సయితే ఎక్కించడం, దించడం అంతే, చేతులు మారేది తక్కువ. ఆ మేరకు మెసేజ్‌లో మాట నిజమే. స్పీడ్ బ్రేకర్లు మాత్రం బస్సుకూ అవే.

చిన్నమ్మ రెండోసారి బస్సుకే వేసింది. ఈసారి ప్లాస్టిక్ డబ్బా, చుట్టూ పాత నూలు చీర. స్టిక్కర్లు మాత్రం నాలుగయ్యాయి.