ధర్మకర్త, కర్మ, క్రియ

ట్రస్టీని తెలుగులో ధర్మకర్త అని మొదట అన్నదెవరో గానీ, వ్యాకరణం బాగా ఒంటబట్టినవాడై ఉండాలి. వాక్యానికి కర్త, కర్మ, క్రియ ఉండాలని చిన్నప్పుడు అందరం చదువుకున్నాం. పిల్లల ఆటల కోసం పెట్టిన ఏ ట్రస్టునైనా తీసుకోండి. కర్తలు కుర్చీల్లో ఉంటారు. కర్మ పిల్లలది. ఇక మిగిలింది క్రియ, అంటే ఆట. అది పోయిన సమావేశంలో వాయిదా పడింది.

నేను ధర్మకర్తల పక్షాన రాస్తున్నాను. వాళ్ల కష్టం బయటివాళ్లకు తెలియదు. జీతం లేదు, సెలవు లేదు. ‘ఊరికే చేస్తున్నాం’ అని కనబడ్డవాళ్లందరికీ చెప్పుకోవడం తప్ప వేరే సంపాదన లేదు. పిల్లలకేముంది, బంతి కనిపిస్తే పరిగెత్తుతారు. వాళ్లకు కోరం అక్కర్లేదు. ధర్మకర్త ఒక్క అడుగు వేయాలంటే ముందు కోరం చూడాలి, ఎజెండా చూడాలి, కిందటి సమావేశం మినిట్స్ చదివించాలి. అందులో తన ఇంటిపేరు తప్పు పడిందని ఒకరు అభ్యంతరం చెప్పాలి. ఆ అభ్యంతరం మినిట్స్‌లోకి ఎక్కాలి. వచ్చేసారి అందులో మళ్లీ ఇంటిపేరు తప్పు పడాలి.

చట్టం కూడా ఈ శ్రమను ఆలస్యంగానే గుర్తించింది. పడవ పందేల్లో గెలిచినవాళ్లకు ఏటా కప్పు ఇవ్వమని ఇంగ్లండులో ఒకాయన వీలునామా రాస్తే, ఉత్త ఆటను ప్రోత్సహించడం ధర్మకార్యం కిందికి రాదని 1895లో అక్కడి కోర్టు తేల్చేసింది. ఔత్సాహిక క్రీడల ప్రోత్సాహం ధర్మకార్యమేనని చట్టంలో పేరు పెట్టి రాయడానికి అక్కడ 2006 దాకా పట్టింది. ఆ చట్టం ప్రకారం క్రీడ అంటే శారీరకమైన లేదా మానసికమైన నైపుణ్యంతోనో శ్రమతోనో ఆరోగ్యాన్ని పెంచేది. మానసికం అన్న మాట చదరంగం లాంటి వాటికి పనికొస్తుందని అనుకుంటారు. నాకు మాత్రం అది ధర్మకర్తల సమావేశాలను చూసి రాసినట్టే ఉంటుంది. మూడు గంటలు కూర్చుని ఒక్క నిర్ణయమూ తీసుకోకుండా లేవడానికి ఎంత నైపుణ్యం కావాలి! ఆరోగ్యం పెరుగుతుందా అంటే, కోశాధికారికి బీపీ అయితే పెరుగుతుంది.

ఉదాహరణకు సూది సంగతి చూడండి.

ఇది ఏ ఒక్క ట్రస్టు కథా కాదు కాబట్టి ఎవరూ భుజాలు తడుముకోనక్కర్లేదు. బంతికి గాలి కొట్టే పంపు ఉంది, దాని సూది విరిగిపోయింది, కొత్తది కొనాలి అని కోచ్ రెండు ముక్కల్లో కాగితం రాసిచ్చాడు. ఆ రోజు ఎజెండాలో మొదటిది పెవిలియన్. ముందు వరసలో ముఖ్య అతిథులకు మెత్తటి సీట్లు, గోడకు దాతల పేర్లతో రాతి ఫలకం. అందరూ చేతులెత్తారు, ఒక్క నిమిషంలో పాసైపోయింది. రెండోది కప్పులు. ఈసారి కిందటేటి కంటే ఎత్తు ఉండాలన్నారు, అదీ పాసైంది. మూడోది సూది. దగ్గర దగ్గర గంటన్నర పట్టింది.

సూది ఎందుకు విరిగిందని ఒకరు. అసలు బంతికి ఎంత గాలి ఉండాలని ఇంకొకరు. కార్యదర్శి గారు చదువుకున్న మనిషి, నియమాల పుస్తకం తెచ్చుకుని మరీ వచ్చారు. ఫుట్‌బాల్ నియమాల్లో రెండోది బంతి గురించే. లోపలి పీడనం 0.6 నుంచి 1.1 అట్మాస్ఫియర్ల మధ్య ఉండాలి, అదీ సముద్ర మట్టం దగ్గర. ఈ చివరి మాట దగ్గర సభ ఆగిపోయింది. మన మైదానం సముద్ర మట్టానికి ఎంత ఎత్తులో ఉంది? ఎవరికీ తెలియదు. తెలియకుండా సూది కొంటే రేపు ఆడిటర్ అడిగితే ఏం చెబుతాం? అందుకని ముగ్గురితో ఉపసంఘం వేశారు. ఎత్తు కొలిపించడానికి కొటేషన్లు పిలవమన్నారు. కోచ్ లేచి ఏదో అనబోయాడు గానీ, ఆయన సభ్యుడు కాదు, పిలిస్తే వచ్చినవాడు.

జాగ్రత్త ఎక్కువై సూది ఆగిందనుకుంటే పొరపాటు. నేను దీని మీద చాలా ఆలోచించాను. సూది మీద పేరు రాయడానికి చోటు లేదు, అదీ అసలు చిక్కు. కప్పు మీద పడుతుంది, గోడ మీద పడుతుంది, జెర్సీ వీపు మీద పిల్లవాడి నంబరు కాస్త కిందికి జరిపితే నిక్షేపంగా పడుతుంది. సూది మీద ఒక్క అక్షరం పట్టదు. షూ లేసులు, గోల్ నెట్టు, మందుల పెట్టె, కోచ్‌కు రావలసిన మూడు నెలల జీతం, ఇవన్నీ ఆ జాతివే. పేరు పట్టని వస్తువు మీద దానం నిలవదు.

దాత బంతుల కోసమని ఇచ్చిన డబ్బును బంతులకే ఖర్చు పెట్టాలి, వేరేదానికి మళ్లించకూడదు. ఇది ఏ ట్రస్టుకైనా మొదటి పాఠం. మనవాళ్లు ఆ పాఠం దాటలేదు. ముఖద్వారం మీద నిలువెత్తు సిమెంటు బంతి కట్టించారు. దాత మాట నిలబడింది, బంతీ నిలబడింది. చుట్టూ తొమ్మిది మంది ధర్మకర్తల పేర్లూ పట్టాయి. దానికి గాలి కొట్టే పని కూడా లేదు.

సొంత లాభం చూసుకుంటున్నారని కొందరంటారు. అది అన్యాయం. ధర్మకర్త లాభపడకూడదన్న సూత్రం వాళ్లకు కంఠతా వచ్చు. 1726లో ఇంగ్లండులో కీచ్ వర్సెస్ శాండ్‌ఫర్డ్ అని ఒక కేసు నడిచింది. ఒక మార్కెట్ లీజు చిన్నపిల్లవాడి కోసం ధర్మకర్త చేతిలో ఉంది. గడువు తీరాక పిల్లవాడికి మళ్లీ ఇవ్వనని యజమాని అన్నాడు. సరే అని ధర్మకర్త తన పేరుతో తీసుకున్నాడు. మోసం చేశాడని కోర్టు అనలేదు. అయినా కుదరదంది. ఆ లీజు లోకంలో ఎవరైనా తీసుకోవచ్చు, ధర్మకర్త ఒక్కడే తీసుకోకూడదంది. మూడు వందల ఏళ్లుగా ఆ తీర్పు చెక్కుచెదరలేదు. ఛైర్మన్ గారు కూడా దాన్ని అక్షరాలా పాటిస్తారు. జెర్సీల కాంట్రాక్టు ఆయన తీసుకోలేదు. తీసుకున్నది బావమరిది. లోకంలో ఎవరైనా అన్న మాటలో బావమరిది రాడని ఏ కోర్టన్నా అందా?

పిల్లల భద్రత విషయంలోనూ వేలెత్తి చూపలేం. పిల్లల దగ్గర పెద్దవాళ్లెవరూ ఒంటరిగా ఉండకూడదన్నది మంచి నియమం. మనవాళ్లు దాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తున్నారు. తొమ్మిది మందీ ఎప్పుడూ కలిసే ఉంటారు. పిల్లల దగ్గర మాత్రం ఎవరూ ఉండరు. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందంలో ఆట పిల్లల హక్కని చెప్పే 31వ అధికరణాన్ని అందంగా ఫ్రేము కట్టించి సమావేశపు గదిలో తగిలించారు. ఆ గదిలోకి పిల్లలకు ప్రవేశం లేదు. కార్పెట్ పాడవుతుంది.

ఆ తొమ్మిది మందిలో కొత్తగా వచ్చిన ఒకావిడ ఉన్నారు. ఆవిడకు ఇంకా పద్ధతి అలవాటు కాలేదు. పెవిలియన్ ప్లాను అటూ ఇటూ తిప్పి చూసి, అమ్మాయిలు బట్టలు మార్చుకునే గది ఎక్కడుందండీ అని అడిగారు. ఉన్నదానికి గడియ ఊడిపోయి చాలా కాలమైందట, అప్పటి నుంచి అమ్మాయిలు ఒక్కొక్కరే మానేస్తున్నారట, రోజూ ఎంతమంది పిల్లలు వస్తున్నారో లెక్క ఎవరి దగ్గరుందో చెబుతారా అని కూడా అడిగారు. నిజం చెప్పాలంటే ధర్మకర్త చేయాల్సిన పని ఇంతే. పెద్దగా కష్టమైనదీ కాదు. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. కార్యదర్శి గారు ‘అధ్యక్షుల వారి అనుమతితో ఇతర అంశాలు’ అని రాసుకున్నారు. కిందికి గీత గీశారు. గడియ మీద కూడా పేరు పట్టదు మరి.

వార్షికోత్సవం నాడు నేనూ వెళ్లాను. సిమెంటు బంతికి కొత్త రంగు వేశారు. ఉపసంఘం గడువు ఇంకో ఆరు నెలలు పొడిగించారని ఎవరో చెప్పారు. ధర్మకర్తలు ముందు వరసలో కూర్చున్నారు, పిల్లలను వెనక నిలబెట్టారు. ఫోటోలో ఆట కనబడాలి కదా అని ఛైర్మన్ గారు అంటే, ఒక కుర్రాడి చేతికి బంతి ఇచ్చారు. ఫోటోగ్రాఫర్ కెమెరాలోంచి చూసి, బాబూ, గుంట పడ్డ వైపు నీ పొట్టకి ఆనించి పట్టుకో అన్నాడు. ఆ కుర్రాడు అప్పటికే అలాగే పట్టుకుని ఉన్నాడు.