నవలలో కాపురముంటున్న ఇంటి పన్ను రసీదు గారికి

మహారాజశ్రీ ఇంటి పన్ను రసీదు గారి సముఖానికి,

మేమిక్కడ క్షేమం. మీరక్కడ నవల మధ్యలో, నాలుగు మడతల మీద, క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ప్రస్తుతం ఏ పేజీలో ఉన్నారన్నది చివర్లో మాట్లాడుకుందాం. అది కాస్త ఇంటి గుట్టు.

"గారు" ఎందుకంటే మీరు ప్రభుత్వ కాగితం. గుండ్రటి స్టాంపు, కింద ఎవరిదో వానపాములాంటి సంతకం. మా ఇంట్లో స్టాంపు లేనివాళ్లం నలుగురం ఉన్నాం. ఎనిమిది నెలలపాటు ఒక పుస్తకంలో వెల్లకిలా పడుకుని, ఎవరూ పిలవకుండా, ఎవరికీ జవాబు చెప్పుకోకుండా బతికే యోగం మా నలుగురిలో ఎవరికీ పట్టలేదు. అసూయతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను, దాపరికం ఎందుకు.

మీరు ఆ పుస్తకంలో దిగిన రోజు నాకు బాగా గుర్తు. ఏప్రిల్ 28. నెలాఖరులోపు ఏడాది పన్ను మొత్తం కట్టేస్తే ఐదు శాతం రాయితీ కదా, మా పేటలో సగం మంది ఆ కౌంటరు ముందే ఉన్నారు. బెజవాడ ఎండ సంగతి మీకు నేను చెప్పాలా, మీ ఇంకు కూడా ఆరకముందే నా చేతి చెమట అంటింది. క్యూలో గంటన్నర నిలబడ్డాను. జనవరిలో పుస్తకాల ఎగ్జిబిషన్లో కొన్న నవల సంచిలో ఉంటే తీసి, నిలువుకాళ్ల మీద ముప్ఫై పేజీలు చదివాను. ఈ ఏడాదిలో నా సాహిత్య జీవితానికి అదే స్వర్ణయుగం. గంటన్నరలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, "ఏం చేస్తున్నావ్?" అని అడగలేదు. కనపడుతూనే ఉందిగా, పన్ను కడుతున్నాను.

నా వంతు వచ్చింది. కౌంటరు అవతలి చెయ్యి మిమ్మల్ని నా వైపు నెట్టింది. నేను మిమ్మల్ని పుస్తకంలో పెట్టి మూసేశాను.

అక్కడ జరిగిన ఘోరం మీకు తెలియాలి. 112వ పేజీ అడుగున ఒక ముసలాయన రైలు దిగి, స్టేషను బయట గుర్రబ్బండి ఎక్కడానికి ఒక కాలు పైకెత్తాడు. పేజీ అయిపోయింది. మే వెళ్లింది, వానాకాలం వెళ్లింది, దసరా, దీపావళి వెళ్లాయి. ఆ కాలు అలాగే గాల్లో ఉంది. గుర్రం సంగతి నేను ఆలోచించదలుచుకోలేదు.

నేను పనిచేసేది ఆడిటరు ఆఫీసులో కాబట్టి లెక్కలు రాయకుండా ఉండలేను. జనవరి 4న పుస్తకం కొన్నాను. అక్కడికి 114 రోజులకి 112 పేజీలు. అంటే రోజుకి పేజీ కూడా పడలేదు. అందులో యాభై పేజీలు సంక్రాంతి సెలవుల్లో అరిసెల పిండి ఆరేలోపు అయ్యాయి, ముప్ఫై మీ క్యూలో. మిగతావి దొంగ పేజీలు. మాకు ప్రతి నెలా 11న ఒక జీఎస్టీ రిటర్ను, 20న ఇంకోటి. జూలైలో ఇన్‌కంటాక్సు వాళ్లు, సెప్టెంబరులో ఆడిట్లు. పార్టీలు చివరి రోజు సాయంత్రం ఆరింటికి గోనెసంచిలో బిల్లులు పోసుకుని వస్తారు, పొలం నుంచి వేరుశనక్కాయలు తెచ్చినట్టు. పొద్దుటి నుంచి రాత్రి దాకా చదవడమే నా పని. పెట్రోలు బిల్లులు, అద్దె రసీదులు, లారీ వేబిల్లులు. అన్నీ చదివి ఇంటికొచ్చి "ఒక పదినిమిషాలు చదువుకుంటాను" అంటే ఇంట్లోవాళ్లకి నవ్వు రాదా మరి?

అసలు చిక్కు తీరిక లేకపోవడం కాదండీ. తీరిక ఉంటుంది. ఆదివారం మూడున్నరకి అన్నం గిన్నెలు కడిగేశాక, సాయంత్రం టీకి ముందు, ఒక ముప్పావుగంట నిక్షేపంలా ఉంటుంది. అప్పుడు పుస్తకం తీసి కిటికీ దగ్గర కూర్చుంటాను. రెండో పేరాలో ఉండగా వినపడుతుంది: "ఖాళీగానే ఉన్నావుగా, ఈ చిక్కుడుకాయలు ఈనెలు తియ్యరాదూ." "ఖాళీగానే ఉన్నావుగా, మా అక్కకి ఒకసారి ఫోన్ చెయ్యి." "అమ్మా, ఖాళీయేనా? నా రికార్డు బుక్కుకి అట్టెయ్యవా?"

చేతిలో ఫోను ఉంటే ఎవరూ ఖాళీ అనరు, గమనించారా? ఏదో ముఖ్యమైన మెసేజీ అయ్యుంటుందని గౌరవిస్తారు. టీవీ చూస్తుంటే ప్రకటనలు వచ్చేదాకా ఆగుతారు. నిద్రపోతే తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేస్తారు. పుస్తకం పట్టుకున్న మనిషి మాత్రం బస్టాండులో నిలబెట్టిన సైకిలు. ఎవరికి అవసరమైతే వాళ్లు తీసుకుని ఓ చుట్టు తిరిగొస్తారు.

ఇది ఇవాళ్టిది కాదులెండి. చిన్నప్పుడు సోషల్ పుస్తకంలో నవల పెట్టుకుని చదివేదాన్ని. పైన ప్రపంచ పటం, లోపల హత్య. సోషల్ పుస్తకం పెద్దది కాబట్టి ఎంత లావు నవలనైనా కడుపులో దాచుకునేది, తల్లి లాంటిది. ఇప్పుడు నలభై ఆరేళ్లొచ్చాక నవల లోపల మిమ్మల్ని పెట్టుకున్నాను. లోపలి వస్తువూ పైవస్తువూ తారుమారయ్యాయి గానీ, దొంగతనం అదే.

ఇక మీ ఒంటి మీద ఉన్న ఒక చిన్న గీత గురించి. అసలు పన్ను కింద, ఎవరూ చూడని చోట, "లైబ్రరీ సెస్" అని ఉంటుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు. మా ఇంటికి 3,200 పన్ను పడితే, అందులో గ్రంథాలయానిది 256 రూపాయలు. అంటే నేను చదవడానికి ప్రతి ఏటా ముందే డబ్బు కట్టేస్తున్నాను. ఆ డబ్బు కట్టానని సాక్ష్యం చెప్పే కాగితాన్ని చదవని పుస్తకంలో పెట్టుకున్నాను. ఇంత పకడ్బందీగా ఏ క్లయింటూ తన నష్టాన్ని ఫైలు చేసుకోడు.

ఆ గీత మీ మీదకి ఊరికే రాలేదు, కాస్త పెద్ద మనసుతో వినండి. 1914 ఏప్రిల్‌లో ఈ బెజవాడలోనే ఊరూరి గ్రంథాలయాలవాళ్లు మహాసభ పెట్టుకున్నారు. అయ్యంకి వెంకటరమణయ్యగారి లాంటివాళ్లు ఊళ్లంట తిరిగి, జనం చేతిలో పుస్తకం పెట్టడమే పనిగా పెట్టుకున్నారు. 1935లో దుగ్గిరాల దగ్గర పెదపాలెం నుంచి పాతూరి నాగభూషణంగారు, ఆయన తోటివాళ్లు ఇంకో అడుగు వేశారు. కాలవల్లో తిరిగే పడవల్లో పుస్తకాల పెట్టెలు పెట్టారు. ఎక్కినవాళ్లు దిగేదాకా చదువుకోవచ్చు. ఆ పడవ గురించి తలుచుకుంటే నాకు కడుపులో మంట. ఒడ్డున మనిషి తాడు పట్టి లాగుతుంటే కదిలే పడవ. దిగి నడిచినా ముందే చేరేలా ఉంటుంది. దానిలో పుస్తకం! పైగా అందులో కూర్చున్న మనిషిని ఎవరూ ఖాళీ అనడానికి లేదు, ఆయన ప్రయాణంలో ఉన్నాడు. మీ క్యూలో నేను పన్ను కడుతున్నట్టే. మనవాళ్లకి ఈ కిటుకు తొంభై ఏళ్ల కిందటే తెలుసన్నమాట: చదివేవాడికి పుస్తకం ఒక్కటే ఇస్తే సరిపోదు, ఒక సాకు కూడా ఇవ్వాలి.

మా పేట గ్రంథాలయం మాత్రం పొద్దున ఎనిమిది నుంచి పదకొండు, సాయంత్రం నాలుగు నుంచి ఏడు. నేను ఎనిమిదింటికి వంటింట్లో, నాలుగింటికి ఆఫీసులో, ఏడింటికి సిటీ బస్సులో. నా 256 రూపాయలకి అక్కడ ఎవరో పెద్దమనిషి ఫ్యాను కింద పేపరు చదువుకుంటున్నారు. సుఖంగా ఉండనివ్వండి.

డిసెంబరులో బ్యాంకువాళ్లు ఏదో లోనుకి ఇంటి పన్ను రసీదు అడిగారు. ఆదివారం మధ్యాహ్నం. మావారు ఫైలు చూశారు, లేదు. పూజగది సొరుగు చూశారు, లేదు. "నువ్వే కట్టావుగా, నువ్వే వెతుకు" అన్నారు. కుక్కరులో కందిపప్పు పెట్టి, బీరువా తెరిచాను. రెండో అరలో చీరల వెనక నవల కనపడింది. తెరవగానే మీరు. దొరికేశారు. మొత్తం అరనిమిషం పని.

కానీ మీరు తొలిగాక కింద ఆ కాలు కనపడింది.

సరే, బండి ఎక్కేదాకా చూద్దామనుకున్నాను. పక్క పేజీలోకి వెళ్లాను. ఎక్కాడు. బండి ఊళ్లోకి వెళ్లింది. ఒక ఇంటి ముందు దిగి ముసలాయన మంచినీళ్లు అడిగాడు. ఏడెనిమిదేళ్ల పిల్ల ఇత్తడి చెంబుతో తెచ్చింది. ఆయన గుక్క తిప్పుకోకుండా తాగి, చెంబు బోర్లించి, ఖాళీ అయిందని చూపించాడు. పిల్ల నవ్వి, "మీరెవరు తాతా?" అంది. ఆయన చాలాసేపు చెంబు వైపు చూసి, "మీ నాయనకి బాకీ ఉన్నానమ్మా" అన్నాడు. ఇంకేం చెప్పలేదు. రచయిత కూడా ఏం చెప్పలేదు, పేరా మార్చేశాడు. నేను బీరువా తలుపుకి ఆనుకుని, ఎడంకాలు తిమ్మిరెక్కి, మిమ్మల్ని కుడిచేతి వేళ్ల మధ్య పట్టుకుని, ఆ బాకీ ఏమిటో తెలిసేదాకా కదలలేకపోయాను. మూడు విజిళ్లకి దించాల్సిన పప్పు ఎన్ని విజిళ్లు వేసిందో ఇప్పటికీ నాకు తెలియదు. ఆ రోజు దాన్ని తాగాం.

హాల్లోంచి కేక: "దొరికిందా?"

మీరు నా చేతిలోనే ఉన్నారు. మీ సాక్షిగా అబద్ధమాడాను. "ఇంకా లేదండీ. పాత ఫైళ్లన్నీ చూస్తున్నా."

"కంగారు లేదులే, నెమ్మదిగా చూడు."

నెమ్మదిగా చూడు! ఇరవై మూడేళ్ల కాపురంలో పుస్తకం పట్టుకున్నప్పుడు ఆ మాట ఒక్కసారైనా నా చెవిన పడలేదు. పది నిమిషాలయ్యాక టీ పెట్టి తెచ్చి బీరువా మీద పెట్టి వెళ్లారు. "పాపం, దుమ్ములో ఉన్నావు" అన్నారు. ఇంటర్ చదివే మా అమ్మాయి వచ్చి, "అమ్మా, ఆన్‌లైన్‌లో అసెస్‌మెంట్ నంబరు కొడితే రసీదు వస్తుంది కదా" అంది. ఈ కాలం పిల్లలకి పెద్దల కష్టం అర్థం కాదు. "స్టాంపున్న కాగితమే కావాలిట. నువ్వు వెళ్లి ఫిజిక్సు చూసుకో" అన్నాను. బ్యాంకువాళ్లు ఆ మాట అనలేదు. ముప్ఫై ఒక్క పేజీల తరవాత దొరికారు మీరు.

సోమవారం మీ జిరాక్సు బ్యాంకుకి వెళ్లింది, మీరు మళ్లీ పుస్తకంలోకి వెళ్లారు. అప్పట్నుంచి మా ఇంట్లో ప్రతి ఆదివారం ఏదో ఒకటి కనపడకుండా పోతోంది. ఒక వారం గ్యాసు పుస్తకం. ఇంకో వారం మా అమ్మాయి టీకాల కార్డు. ఆ పిల్లకి పదిహేడేళ్లు, అయినా ఎవరూ ఎందుకని అడగలేదు. పోయిన వారం పెళ్లినాటి స్టీలు సామాన్ల లిస్టు. ఆ లిస్టు అనేది ఎప్పుడూ లేదు. "బాగా వెతికావా?" అన్నారు మావారు జాలిగా. "అట్టడుగు దాకా చూశానండీ" అన్నాను. 164వ పేజీ దాకా చూశాను మరి.

ఇక మొదట ఆపిన విషయం.

నిన్న బీరువా తెరిస్తే మీరు 164లో లేరు. 200, 201 మధ్య ఉన్నారు. ముప్ఫై ఆరు పేజీలు మీ అంతట మీరు నడిచి వెళ్లలేదు కదా. మావారు నవల ముట్టరు. మా అమ్మాయి "ఇందులోంచి ప్రశ్నలొస్తాయా?" అని అడిగి వదిలేసే రకం. మిమ్మల్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. వక్కపొడి వాసన.

మా అత్తయ్యగారు కొత్తగా కాపురానికొచ్చిన రోజుల్లో అద్దెకిచ్చే లైబ్రరీ నుంచి నవలలు తెప్పించుకునేవారట. రోజు లెక్కన అద్దె, అందుకని రాత్రికి రాత్రే పూర్తి చేసి పొద్దున్నే పంపించేసేవారట. వారపత్రికల్లో సీరియళ్లు చింపి, దబ్బనంతో కుట్టి బైండు చేసుకున్న కట్టలు ఇప్పటికీ అటక మీద ఉన్నాయి. "ఇప్పుడు కళ్లెక్కడివమ్మా, ఆ ముచ్చట అయిపోయింది" అంటూ ఉండేవారు. ఆగస్టులో కంటి ఆపరేషన్ అయింది. ఆ సంగతి మేమంతా మర్చిపోయాం.

మీకొక్కటే మనవి. ఆ బాకీ చివరికి తీరిందో లేదో మీకు తెలిసే ఉంటుంది, నాకు మాత్రం చెప్పకండి.

ఇవాళ పొద్దున వంటయ్యాక అత్తయ్యగారు కళ్లజోడు పైటకొంగుతో తుడుచుకుంటూ వచ్చారు. "అమ్మాయ్, బీరువా తాళాలు ఓసారి ఇటివ్వు. కాశీ వెళ్లినప్పటి రైలు టిక్కెట్టు ఎక్కడో పెట్టాను, వెతుక్కోవాలి" అన్నారు. ఆవిడ కాశీ వెళ్లింది 2009లో.

తాళాలు ఇచ్చి, "కంగారేం లేదు, నెమ్మదిగా చూసుకోండి. టీ నేను తెస్తాను" అన్నాను.

ఇట్లు,
తమ అసెస్‌మెంటుదారు
(164వ పేజీ)