హోండా పెట్రోల్ ఇంజన్ గారికి వీడ్కోలు లేఖ (తేదీ తర్వాత వేసుకోవచ్చు)

మహారాజశ్రీ హోండా పెట్రోల్ ఇంజన్ గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. మీ పదవీ విరమణ సందర్భంగా నాలుగు ముక్కలు రాద్దామని కూర్చున్నాను. పైన తేదీ వెయ్యలేదేమిటని అడగకండి. మీ రిటైర్మెంట్ ఎప్పుడో మీ యజమానులకే తేలనప్పుడు, వెయ్యడానికి నేనెవర్ని?

ఒకప్పుడు తేదీ స్పష్టంగానే ఉండేది. 2021 ఏప్రిల్‌లో తొషిహిరో మిబె గారు హోండా పగ్గాలు అందుకున్నారు. కుర్చీ వేడెక్కకముందే మీకు ముహూర్తం పెట్టేశారు. ప్రధాన మార్కెట్లలో అమ్మే కార్లలో 2030కి 40 శాతం, 2035కి 80 శాతం బ్యాటరీవో హైడ్రోజన్ ఫ్యూయల్ సెల్‌వో ఉంటాయట. 2040కి ప్రపంచమంతటా నూటికి నూరూ అవేనట. పాపం, హైబ్రిడ్‌కి కూడా ఆ జాబితాలో చోటు దక్కలేదు. జపాన్ కార్ల కంపెనీల్లో పెట్రోలు మొహం మీదే తలుపేస్తానన్నది హోండాయే మొదలు. చిత్రమేమిటంటే, మిబె గారు బయటినుంచి వచ్చిన మనిషి కాదు. ఇంజన్ల పనిలోనే పెరిగి పెద్దయిన ఇంజనీరు. మిమ్మల్ని సాగనంపే పని మీవాడి చేతే మొదలుపెట్టించారు.

మీ జాతకం ఒకసారి తిరగేశాను. యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది, 1946లో, హమమత్సులో సోయిచిరో హోండా గారు సైన్యం వదిలేసిన రేడియో జనరేటర్ల చిన్న ఇంజన్లు తెచ్చి సైకిళ్లకు బిగించారు. పెట్రోలు దొరకని రోజులు కాబట్టి పైన్ చెట్ల నుంచి తీసిన టర్పెంటైన్ కలిపి నడిపించారు. 1947లో సొంత ఇంజన్, 1948లో కంపెనీ, 1958లో సూపర్ కబ్. ఆ ఒక్క బండే 2017కల్లా పది కోట్లు దాటింది. కార్లలో మీరే, మోటార్‌సైకిళ్లలో మీరే, పడవ వెనక మీరే, గడ్డి కోసే యంత్రంలోనూ మీరే. లోకం హోండాని కార్ల కంపెనీ అంటుంది గానీ, నిజానికి అది మీ చుట్టూ రకరకాల రేకులు బిగించి, రకరకాల పేర్లు పెట్టి అమ్ముకునే సంస్థ.

మీ పొగరుకి మాత్రం 1970లు కారణం. అమెరికాలో 1970లో క్లీన్ ఎయిర్ చట్టం వచ్చింది. పొగలోని కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు ఐదేళ్లలో 90 శాతం తగ్గించి తీరాలంది. డెట్రాయిట్‌లోని అమెరికన్ కార్ల కంపెనీల పెద్దలు అది అయ్యే పని కాదన్నారు, గడువు పెంచమన్నారు. మీవాళ్లు కిక్కురుమనకుండా సిలిండర్ తల దగ్గర ఇంకో చిన్న గది కట్టారు. పెద్ద గదిలో గాలి ఎక్కువున్న పలచటి మిశ్రమం, చిన్న గదిలో పెట్రోలు ఎక్కువున్న చిక్కటి మిశ్రమం. పలచటిది స్పార్క్ ప్లగ్‌కి ఓ పట్టాన అంటుకోదు. అందుకని ముందు చిక్కటిదాన్ని ముట్టించి, ఆ మంటని సన్నటి దారిగుండా పెద్ద గదిలోకి వదిలారు. అది నిదానంగా, మిగలకుండా మండింది. దానికి సీవీసీసీ అని పేరు పెట్టారు. పొగని శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ తగిలించకుండానే సివిక్ కారు పరీక్ష పాసైంది. అంతటితో ఊరుకున్నారా? షెవ్రొలే ఇంపాలా అనే భారీ అమెరికన్ కారు కొని, దాని ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజన్‌కీ అదే కిటుకు బిగించి, అదీ పాసవుతుందని అమెరికా ప్రభుత్వ పరీక్షలోనే చూపించారు. ఇది చదివినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. ఎదుటివాడి కారుతో ఎదుటివాడి నోరు మూయించడం చిన్న విషయమా?

మీవాళ్లకి జబ్బు తగులుకున్నది కూడా అక్కడేనని నా అనుమానం. ఏ చట్టం వచ్చినా, ఇంకాస్త బుర్ర పెడితే ఇంజన్ గట్టెక్కేస్తుందన్న నమ్మకం అప్పటినుంచీ వాళ్లని వదల్లేదు.

కానీ ఈసారి మీ మీద వచ్చిన ఫిర్యాదు వేరు. కార్బన్ మోనాక్సైడ్ సరిగా మండకపోతే వస్తుంది, సరిగా మండిస్తే పోతుంది. కార్బన్ డయాక్సైడ్ అలా కాదు. సరిగా మండితేనే వస్తుంది. మీరెంత బుద్ధిమంతులైతే అంత నిక్కచ్చిగా వస్తుంది. ముప్పావు కిలోకి అటూ ఇటూగా తూగే లీటరు పెట్రోలు, గాలిలోని ఆక్సిజన్‌ని కలుపుకుని, దాదాపు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ అయి కూర్చుంటుంది. దీని ముందు చిన్న గదులు, పెద్ద గదులు ఏవీ పనిచేయవు. నేరం మీ తప్పులో లేదు, మీ పనిలోనే ఉంది. పైగా మీ దుబారా ఒకటి. పోసిన పెట్రోలులోని శక్తిలో మూడో వంతు చక్రాలదాకా చేరిస్తే అదే గొప్ప. మిగతాదంతా రేడియేటర్ నుంచి కొంత, సైలెన్సర్ నుంచి కొంత వేడిగా గాల్లో కలిపేస్తారు. ఆ ఎలక్ట్రిక్ మోటార్ కుర్రాడు చూడండి, చేతికిచ్చిన కరెంటులో 90 శాతం దాకా పనికి పెడతాడు. చప్పుడు కూడా చెయ్యడు. నచ్చకపోతే నచ్చకపోవచ్చు గానీ లెక్కల్లో వాడికి వంక పెట్టలేం.

సరే, మీకు ఇంతవరకు జరిగిన వీడ్కోలు సభల్లో ఫార్ములా వన్ సభ తీరే వేరు. 2021 సీజన్ అయ్యాక తప్పుకుంటున్నామని 2020 అక్టోబర్‌లోనే హోండా ప్రకటించింది. కార్బన్ న్యూట్రల్ (వదిలే కార్బన్ నికరంగా సున్నా) లక్ష్యం కోసం ఆ ఇంజనీర్లు కావాలంది. ఇంకేం, 2021 ఆఖరి రేసు ఆఖరి ల్యాప్‌లో అబుదాబిలో రెడ్ బుల్ జట్టు డ్రైవర్ మాక్స్ వెర్‌స్టాపెన్ మీ బలంతో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. దండలు పడ్డాయి, కళ్లు చెమర్చాయి. మరి మీరు వెళ్లారా? ఎక్కడికీ వెళ్లలేదు. హోండా రేసింగ్ కార్పొరేషన్ ద్వారా రెడ్ బుల్ కార్లలో 2025 దాకా మీరే తిరిగారు. బోర్డు మీద పేరు తీశారంతే. ఈలోపే, 2023 మేలో, 2026 నుంచి ఆస్టన్ మార్టిన్ జట్టుతో మళ్లీ పూర్తిస్థాయిలో వస్తున్నామన్నారు. కారణం? కొత్త నిబంధనల్లో సగం శక్తి కరెంటుదట, ఇంధనం కూడా పర్యావరణానికి మేలు చేసేదట, కనుక కార్బన్ న్యూట్రల్ దారికి సరిపోతుందట. వెళ్లడానికీ తిరిగి రావడానికీ ఒక్క కారణమే చూపించిన సెలవు చీటీ నేనింతవరకూ ఎక్కడా చూడలేదు.

ఇక మీ వారసుల సంగతి. బ్యాటరీ కారు హోండాకి కొత్తేం కాదు. 1997లోనే ఈవీ ప్లస్ తెచ్చారు. అమ్మలేదు, లీజుకిచ్చారు. సుమారు 300 తిప్పి, 1999లో ఆపేసి, వెనక్కి తీసుకుని చాలావాటిని తుక్కు చేశారు. 2020లో యూరప్‌లో ‘హోండా ఈ’ అనే ముద్దొచ్చే చిన్న కారు పెట్టారు. అద్దాల బదులు కెమెరాలు, డ్యాష్‌బోర్డ్ ఈ చివర్నుంచి ఆ చివరదాకా తెరలు. నాలుగేళ్లు తిరిగేసరికి దాని ఉత్పత్తి ఆగిపోయింది. 2024లో అమెరికాలో ప్రోలాగ్ దించారు. దాని బ్యాటరీ, కింది నిర్మాణం జనరల్ మోటార్స్‌వి. తయారయ్యేది మెక్సికోలో, జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీలో. బ్యాడ్జ్ మాత్రం హోండాది. ఒకప్పుడు జనరల్ మోటార్స్ వారి షెవ్రొలే ఇంజన్‌కి పాఠం చెప్పినవాళ్లు, ఇప్పుడు షెవ్రొలే వాళ్ల దగ్గరే కారు చేయించుకుని పేరు అతికిస్తున్నారు. మీకు నవ్వొస్తే నవ్వండి, ఎవరూ ఏమనుకోరు.

రెండో వారసుడు హైడ్రోజన్ గారు. ఆయన వస్తున్నారు. నిజానికి 2002 నుంచీ వస్తూనే ఉన్నారు. ఆ డిసెంబర్‌లో ఎఫ్‌సీఎక్స్ కార్లు జపాన్ కేబినెట్ ఆఫీసుకీ లాస్ ఏంజలస్ నగరానికీ లీజు మీద వెళ్లాయి. 2008లో క్లారిటీ వచ్చింది, దక్షిణ కాలిఫోర్నియాలో నెలకి 600 డాలర్ల లీజు. 2016లో మరో క్లారిటీ. 2040కి బ్యాటరీ, హైడ్రోజన్ తప్ప ఇంకేమీ ఉండవని మిబె గారు అన్న నాలుగు నెలలకి, 2021 ఆగస్టులో, ఉన్న ఆ ఒక్క హైడ్రోజన్ కారు తయారీ ఆపేశారు! పేరు క్లారిటీ అయినంత మాత్రాన అందరికీ అది ఉండాలని లేదు కదా.

ఆయన పనితనంలో లోపం లేదు. ట్యాంకులోంచి హైడ్రోజన్ పలచటి పొరకి ఒకవైపు వస్తుంది, గాలిలోని ఆక్సిజన్ రెండోవైపు. ఎలక్ట్రాన్లు ఆ పొర దాటలేక తీగలోంచి చుట్టూ తిరిగి వెళ్తాయి, ఆ తిరుగుడే కరెంటు. చివర్లో పొగగొట్టంలోంచి నీళ్లు కారతాయి. వినడానికి ఎంత హాయిగా ఉందో! తంటా అంతా ఆయన్ని కారుదాకా తీసుకురావడంలో ఉంది. కరెంటుతో నీటిని విడగొట్టాలి, 700 బార్ల ఒత్తిడితో ట్యాంకులో కుక్కాలి, మళ్లీ కరెంటుగా మార్చాలి. ఎక్కడికక్కడ చేయి తడపాల్సిందే. 100 యూనిట్లతో బయల్దేరితే చక్రాలకి చేరేసరికి ముప్పై మిగిలితే సంతోషం. అదే 100 యూనిట్లు బ్యాటరీకిస్తే డెబ్బైకి తగ్గవు. అదీగాక, ఇవాళ ప్రపంచంలో వాడే హైడ్రోజన్‌లో ఎక్కువ భాగం సహజవాయువు, బొగ్గుల నుంచే తీస్తున్నారు. అంటే మీ చుట్టాలింటి నుంచే అన్నమాట. భారీ లారీలకి, కర్మాగారాలకి ఆయన పనికొస్తారేమో గానీ, ఒక్క మనిషిని ఆఫీసుకి దింపడానికి ఇంత తతంగం దేనికో నాకు అర్థం కాదు.

అయినా 2024లో మళ్లీ ఒకటి తెచ్చారు, సీఆర్-వీ ఈ:ఎఫ్‌సీఈవీ. అమెరికాలో అయితే కాలిఫోర్నియాలో మాత్రమే లీజు. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే షెల్ కంపెనీ అక్కడి తన కార్ల హైడ్రోజన్ బంకులు మూసేసింది. హోండావాళ్లకి ఇది ముందే తోచిందేమో, కారులో 17.7 యూనిట్ల బ్యాటరీ, ప్లగ్ కూడా పెట్టారు. దాంతో 29 మైళ్లు నడుస్తుంది. హైడ్రోజన్ బంకు వెతుక్కోవడానికి కరెంటు సాయం తీసుకునే హైడ్రోజన్ కారు. ఇంత ముందుచూపు ఎవరికుంటుంది చెప్పండి.

ఇలా ఉండగా 2025 మే వచ్చింది. మిబె గారు మళ్లీ మైకు ముందుకొచ్చారు. 2030కి ఎలక్ట్రిక్ కార్లు 30 శాతం అనుకున్నాం గానీ 20 శాతం దగ్గరే ఆగేలా ఉందన్నారు. (మొదట్లో 40 అన్న సంగతి ఎవరూ గుర్తుచేసినట్టు లేరు.) పది లక్షల కోట్ల యెన్‌లు పెడతామన్నది ఏడు లక్షల కోట్లకి దించారు. కెనడాలోని ఒంటారియోలో 1,500 కోట్ల కెనడా డాలర్లతో అనుకున్న ఎలక్ట్రిక్ ప్రాజెక్టు రెండేళ్లు వాయిదా. దాని బదులు 2027 నుంచి నాలుగేళ్లలో 13 కొత్త హైబ్రిడ్లు. హైబ్రిడ్ అంటే ఎవరనుకున్నారు? మీరే, మోటార్‌ని పక్కసీట్లో కూర్చోబెట్టుకుని. 2021 జాబితాలో చోటు దక్కనివాడికి ఇప్పుడు పెద్దపీట.

ఎలక్ట్రిక్ అమ్మకాలు అనుకున్నంత వేగంగా పెరగలేదన్నది నిజమే. అమెరికాలో విధానాలు మారాయన్నదీ నిజమే. చైనా కంపెనీలు చవగ్గా, వేగంగా బ్యాటరీ కార్లు దించుతున్నాయన్నది అంతకంటే నిజం. కానీ అసలు కిటుకు జమాఖర్చుల్లో ఉంది. మీ అంత్యక్రియలకి చందా ఇస్తున్నది మీరే. మోటార్‌సైకిళ్లు, హైబ్రిడ్లు అమ్మగా వచ్చిన డబ్బుతోనే బ్యాటరీ ఫ్యాక్టరీ కట్టాలి. మీరు తొందరగా పోతే మిమ్మల్ని సాగనంపడానికి డబ్బుండదు. మీరు బాగా సంపాదిస్తుంటే మిమ్మల్ని పంపించబుద్ధి కాదు. ఏ ధర్మకర్తల మండలీ దీన్ని విప్పలేదు.

ఒక్కచోట మాత్రం నాకు నవ్వు రాదు. జపాన్‌లో తొచిగి ప్రాంతంలోని మోకా అనే ఊళ్లో మీ విడిభాగాలు చేసే ఫ్యాక్టరీ ఉండేది. దాన్ని 2025లో మూసేస్తామని 2021 జూన్‌లో, ఆ వేడిలోనే, చెప్పేశారు. ఉద్యోగాలు పోవు, వేరేచోట సర్దుతామన్నారు. పైవాళ్ల గడువులు సాగుతాయి, కుదించుకుపోతాయి, మళ్లీ సాగుతాయి. బదిలీ కాగితం చేతికందినవాడికి ఆ వెసులుబాటు ఉండదు. 2040 అన్నవాళ్లు 2040 వరకూ ఆ కుర్చీల్లో ఉండరు కనుక వాళ్లకి టెన్షన్ లేదు.

ఆరోగ్యం జాగ్రత్త. ఆయిల్ మార్పించుకుంటూ ఉండండి.

ఇట్లు,
మీ పొగ పీల్చి, మీ మోతకి మురిసిన ఒక అభిమాని

తా.క.: 2025 జపాన్ మొబిలిటీ షోలో హోండా సూపర్-వన్ అనే చిన్న ఎలక్ట్రిక్ కారు చూపించారు. అందులో బూస్ట్ మోడ్ నొక్కితే లేని గేర్లు ఏడు మారుతున్నట్టు కుదుపులొస్తాయి, లేని ఇంజన్ స్పీకర్లలోంచి గర్జిస్తుంది. ఆ గొంతు మీదే కాబట్టి వెంటనే రాయల్టీ అడగండి. జపాన్‌లో కాపీరైట్ కర్త పోయాక 70 ఏళ్లు నడుస్తుంది. ఆ లెక్క మొదలవ్వాలంటే మాత్రం ముందు మీరు పోవాలి.