మాకు రొయ్య హోదా కావాలి

ప్రత్యేక హోదా ఊసెత్తి ఎత్తి రాష్ట్రం అలసిపోయింది కాబట్టి, అంతకంటే చిన్న కోరికతో వస్తున్నాను. విశాఖ కార్మికులందరికీ తక్షణం రొయ్య హోదా ఇవ్వాలి. నవ్వకండి, సీరియస్‌గానే అడుగుతున్నాను. ఈ ఆలోచనకి మూలం మా కింది పోర్షన్‌లో ఉండే పిన్ని. రొయ్యల ప్లాంట్‌లో పీలింగ్‌కి, అంటే రొయ్యల తల తీసి పొట్టు ఒలిచే పనికి, వెళ్తుంది.

ముందు రొయ్య వైభవం చూడండి. మనం పెంచే వనామీ రొయ్య మన జాతి కాదు. దాని పుట్టిల్లు అమెరికా ఖండాల పసిఫిక్ తీరం. 2009లో ఇక్కడ పెంచడానికి అనుమతి దొరికింది. తల్లి రొయ్యలు ఇప్పటికీ విమానంలో చెన్నైలో దిగి, క్వారంటైన్ పూర్తి చేసుకున్నాకే హేచరీకి, అంటే పిల్లల్ని పుట్టించే కేంద్రానికి, కదులుతాయి. పిల్ల ఏ చెరువులో పెరిగిందో కాగితం ఉంటుంది. పట్టుబడికి ముందు యాంటీబయాటిక్ పరీక్ష. చచ్చాక కూడా మైనస్ 18 డిగ్రీల్లో ప్రయాణం. అమెరికాలో తినేవాడికి అనుమానమొస్తే, పెట్టె మీద లాట్ నంబరు పట్టుకుని చెరువు గట్టు దాకా రావచ్చు.

పిన్నికి ఏ నంబరూ లేదు. ఆవిడెవరో మాకు తెలీదు, కాంట్రాక్టరుని అడగండి అంటుంది ప్లాంటు. కాంట్రాక్టరు మేస్త్రీని చూపిస్తాడు. మేస్త్రీ ఫోనెత్తడు. తెల్లారుజామున నాలుగున్నరకి వ్యాను, అక్కడ తెల్ల బూట్లు, నెత్తికి టోపీ, చేతులకి గ్లోవ్స్, ఐసు నీళ్లు, నిలువుకాళ్ల మీద పని. ఓ రోజు చేతులు చూపించింది. వేళ్ల చివర్లు రాత్రంతా నానబెట్టిన శనగల్లా ముడతలు పడి ఉన్నాయి. “ఇంటికొచ్చి పొగలొచ్చే చారులో ఏలు ముంచినా వేడి తెలీదు బాబూ” అంది. పని బల్ల దగ్గర థర్మామీటరు ఉందట. రొయ్యకి.

2025 ఆగస్టు 7న అమెరికా మన సరుకు మీద 25 శాతం సుంకం వేసింది. రష్యా ముడి చమురు కొంటున్నామన్న కోపంతో అదే నెల 27 నుంచి ఇంకో 25 శాతం తగిలించింది. మరీ చవగ్గా అమ్ముతున్నామంటూ రొయ్యల మీద వేసిన పాత యాంటీ డంపింగ్ సుంకాలు వేరే. వనామీకి ఇది పుట్టింటికెళ్తున్న ఆడపిల్లని గుమ్మంలో ఆపి టోల్ అడిగినట్టే. పిన్నికి చమురుతో ఉన్న సంబంధమల్లా నెలకో రెండు పామాయిల్ ప్యాకెట్లు. ఇంట్లో బండి కూడా లేదు. అయినా దేశంలో సీఫుడ్ ఎగుమతుల విలువలో ముందున్నది మన విశాఖ పోర్టే కదా, దెబ్బ కూడా ముందు మనకే తగలాలి, న్యాయమే.

అంత కోపంలోనూ రొయ్యకి జరిగిన మర్యాద గమనించాలి. రెండో సుంకం ఉత్తర్వు ఆగస్టు 6న, అమలు 27న. అంటే 21 రోజుల నోటీసు! అప్పటికే ఓడెక్కిన సరుకు సెప్టెంబరు 17లోగా చేరితే అదనపు సుంకం మాఫీ. పాపం, దారిలో ఉన్నవాళ్లని ఇబ్బంది పెట్టకూడదుగా. పిన్నికొచ్చిన నోటీసు ఇదీ: రాత్రి ఎనిమిదింటికి వ్యాను డ్రైవరు ఫోన్ చేసి “రేపు బండి రాదమ్మా” అన్నాడు. ఎల్లుండో అని అడిగేలోపు పెట్టేశాడు.

మన ప్రభుత్వాలు చేతులు కట్టుకుని కూర్చున్నాయంటే నేనొప్పుకోను. పని గంటలు రోజుకి 9 నుంచి 10కి పెంచాలని రాష్ట్రం జూన్‌లోనే నిర్ణయించింది. ఆగస్టుకి పని దినాలు తగ్గాయి. గంట పెరిగింది, రోజులు తగ్గాయి, లెక్క సరిపోయింది. 29 కార్మిక చట్టాలను సర్ది పెట్టుకున్న నాలుగు కోడ్‌లను కేంద్రం నవంబరు 21న అమల్లోకి తెచ్చింది. అటక సర్దితే కొన్ని బయటపడేయక తప్పదు. పాత చట్టంలో 100 మంది ఉన్న ఫ్యాక్టరీ మూయాలంటే సర్కారు అనుమతి కావాలి, ఇప్పుడా లెక్క 300. కార్మికులు సమ్మె చెయ్యాలంటే మాత్రం 14 రోజుల ముందే నోటీసివ్వాలి. ఇది చెబితే పిన్ని, “పనుంటే కదా బాబూ మానీడానికి?” అంది. అందరికీ అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వాలని కూడా కోడ్‌లో ఉంది. నిజంగా మంచి మాట. పిన్ని ఎదురుచూస్తోంది. ముందు మేస్త్రీ ఫోనెత్తాలి.

(పెట్టుబడికి మనం ఏ లోటూ చెయ్యం. ఋషికొండలో టీసీఎస్‌కి 21.16 ఎకరాలు 99 పైసలకిచ్చాం. మిగతా పైసా చిల్లర ఎలా సర్దుకున్నారన్నదే నా టెన్షన్. ఉద్యమంలో 32 ప్రాణాలు పోయాక వచ్చిన విశాఖ ఉక్కు ఫ్యాక్టరీకి సొంత ఇనుప గని అడిగితే మాత్రం మన దగ్గర చిల్లర ఉండదు.)

అందుకే ధర్నాలు జరిగే జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) గాంధీ విగ్రహం దగ్గర ఇవ్వడానికి ఒక అర్జీ రాశాను. కార్మికుడికి లాట్ నంబరు ఇవ్వాలి, అది చూస్తే ఎవరి దగ్గర పనిచేస్తున్నాడో తెలియాలి. తీసెయ్యాలంటే 21 రోజుల ముందు చెప్పాలి. వ్యానెక్కినవాళ్లని ఓడెక్కిన సరుకుగా భావించి ఆ రోజు కూలి ఇవ్వాలి. నిన్న సాయంత్రం పిన్నికి చదివి వినిపించాను. గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ మొత్తం శ్రద్ధగా వింది.

“అంతా బాగానే ఉంది గానీ బాబూ,” అంది, “రొయ్యొచ్చిందంటే మేం ముందు తీసీది తలకాయే కదా?”